మనసు బాగోలేకపోతే ఎక్కడికి వెళ్లాలి, వెళ్లాక ఏం జరుగుతుంది?

"బాధగా ఉంటే ఎవరితోనైనా మాట్లాడండి" అని ఈమధ్య అందరూ చెబుతున్నారు. ఇంటర్ ఫలితాల ముందు పేపర్లు రాస్తాయి. కాలేజీ గోడల మీద పోస్టర్లు అంటిస్తారు. ఎవరైనా విద్యార్థి చనిపోయాడన్న వార్త వస్తే నాలుగు రోజుల పాటు టీవీల్లో ఇదే మాట. మాట మంచిదే. కానీ హాస్టల్లో ఉండి చదువుకునే పదిహేడేళ్ల అమ్మాయికి ఆ మాట విన్నాక వచ్చే ప్రశ్నలు వేరు. ఎవరితో మాట్లాడాలి? కౌన్సెలర్‌తోనా, డాక్టరుతోనా? నేను చెప్పింది వార్డెన్‌కో, అమ్మానాన్నలకో చేరవేస్తారా? ఎంత ఖర్చవుతుంది? మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలా? రేపు ఉద్యోగానికో పెళ్లికో అడ్డం వస్తుందా?

చాలామంది యువతీ యువకులు సాయం అడగకుండా ఆగిపోయేది ధైర్యం లేక కాదు, ఈ ప్రశ్నలకు ఎవరూ సూటిగా జవాబు చెప్పక అని నేను గట్టిగా నమ్ముతాను. మనసు అలిసిపోయి ఉన్న మనిషి దారి తెలియని చోటికి ఎలా బయలుదేరగలరు? అందుకే ఆ దారి ఎక్కడ మొదలవుతుందో, లోపల ఏం జరుగుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేపట్టిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. వందమంది కూర్చునే క్లాసులో ఏడుగురు అన్నమాట. అదే సర్వేలో ఇంకో సంగతి మరింత బాధ కలిగిస్తుంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు వైద్యమే అందడం లేదు. లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులైనా (మానసిక వైద్యులు) ఉండాలంటారు, మన దేశంలో ఒక్కరు కూడా లేరు; లెక్క 0.75 దగ్గర ఆగింది. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. అందుకే ఏ సమస్యకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసి ఉండటం మన దగ్గర ఇంకా అవసరం.

వెళ్లాల్సినంత సమస్యేనా?

ప్రతి దిగులూ జబ్బు కాదు. పరీక్ష ముందు టెన్షన్, ప్రేమ విఫలమైతే కొన్నాళ్లు ఏడుపు, హాస్టల్లో చేరిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఉండేవే. డాక్టర్లు ముఖ్యంగా చూసేది రెండు విషయాలు: ఎన్నాళ్లుగా ఉంది, రోజువారీ జీవితాన్ని ఎంత దెబ్బతీస్తోంది. దిగులు, లేదా ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటే, దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత పాడైతే, అది డిప్రెషన్ కావచ్చు. చూపించుకోవాల్సిందే.

అయితే ఈ వయసులో అది దిగులు రూపంలోనే కనిపించాలని లేదు. మగపిల్లల్లో చాలాసార్లు కోపంగా, విసుగుగా బయటపడుతుంది. "వీడికి పొగరెక్కింది" అని ఇంట్లో అనుకుంటారు. కొందరికి ఎప్పుడూ కడుపునొప్పి, తలనొప్పి. నాలుగు ఆసుపత్రులు తిరిగి, అన్ని స్కానింగులూ నార్మల్ అని వచ్చాక "నాటకాలాడుతోంది" అనే మాట పడుతుంది. నొప్పి మాత్రం నిజంగానే ఉంటుంది.

ఇక్కడ ఓసీడీ గురించి, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వచ్చే జబ్బు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర దాన్ని అతిశుభ్రత జబ్బు అనుకుంటారు, చేతులు పదేపదే కడగడం మాత్రమే తెలుసు. కానీ టీనేజీలో, ఇరవైల మొదట్లో ఇది తరచూ ఆలోచనల రూపంలో మొదలవుతుంది. పూజ దగ్గర కూర్చుంటే దేవుడి గురించి అసహ్యమైన ఆలోచన వస్తుంది. ఎంతో ఇష్టమైన తమ్ముణ్ణి తానే ఏమైనా చేసేస్తానేమో అని భయం పుడుతుంది. వద్దనుకున్న కొద్దీ అదే తిరిగి వస్తుంది. భక్తి ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లలు ఇది పాపం అనుకుని, తాము చెడ్డవాళ్లమని నమ్మి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. ఇలాంటి ఆలోచనలు రావడం ఓసీడీలో చాలా మామూలు లక్షణం. డాక్టర్లకు ఇది కొత్త కాదు, వింటే ఉలిక్కిపడరు. దీనికి మందులు, థెరపీ (మాటల ద్వారా చేసే చికిత్స) రెండూ బాగా పనిచేస్తాయి. ఇది చదువుతున్న ఎవరికైనా ఈ నాలుగు మాటలు తమ గురించే అనిపిస్తే, దయచేసి ఇంకో ఏడాది ఆగకండి.

అసలు ఆగకూడని పరిస్థితి ఇంకొకటి ఉంది. పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారని బలంగా నమ్మడం, తనలో తాను మాట్లాడుకోవడం, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో తిరగడం. ఇవి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి), బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి రావడం) లాంటి జబ్బులకు సూచనలు కావచ్చు. సాధారణంగా పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి ఇరవైల మధ్య వరకు మొదటిసారి కనిపిస్తాయి. గంజాయి అలవాటు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇలాంటప్పుడు మన ఊళ్లలో ముందు గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. గుడికో, చర్చికో, దర్గాకో వెళ్లొద్దని ఎవరూ చెప్పరు. ఆ ధైర్యం కుటుంబానికి కావాలి కూడా. కానీ వైద్యం లేకుండా గడిచిన ప్రతి నెలా కోలుకోవడాన్ని కష్టం చేస్తుంది. ఇక్కడ కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టి లాభం లేదు, నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి.

తనకున్నది ఏ జబ్బో తేల్చుకుని వెళ్లాల్సిన పని లేదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ చూసి "నాకు ఏడీహెచ్‌డీ" (ఏకాగ్రత నిలవని సమస్య) అనుకుని వచ్చినా పరవాలేదు, ఏమీ తెలియక వచ్చినా పరవాలేదు. తేల్చడం వాళ్ల పని. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బి12 లోపం కూడా నీరసాన్ని, దిగులును తెస్తాయి కాబట్టి డాక్టరు రక్తపరీక్షలు రాయవచ్చు.

ఎవరు ఏం చేస్తారు

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టరు. జబ్బును నిర్ధారించి మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, థెరపీ ఇస్తారు. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడం తప్పు కాదు, అర్హత ఉన్నవాళ్లు నొచ్చుకోరు. కౌన్సెలర్లు చదువు ఒత్తిడి, కుటుంబ గొడవలు, ప్రేమ, కెరీర్ అయోమయం లాంటి వాటిలో సాయం చేస్తారు. వీళ్లలో సైకాలజీలో ఎంఎస్సీ చేసి చాలా బాగా పనిచేసేవాళ్లున్నారు, రెండు రోజుల కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని మొదటే అడగండి. "మూడు సెషన్లలో డిప్రెషన్ మాయం" అనేవాళ్లు, డాక్టరు కాకుండానే మాత్రలు ఇచ్చేవాళ్లు, వేరే డాక్టరు రాసిన మందులు ఆపేయమనేవాళ్లు, మొదటి రోజే పెద్ద ప్యాకేజీ కట్టమనేవాళ్లు కనిపిస్తే లేచి వచ్చేయండి.

మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న గందరగోళం చాలామందిది. నా మాట ఇది: మాటలు వినిపించడం, చనిపోవాలనిపించడం, వారాలుగా నిద్ర తిండి లేకపోవడం లాంటివి ఉంటే సైకియాట్రిస్టు. మిగతా వాటికి ఎవరు ముందు దొరికితే వాళ్లు. సరైన మనిషి అయితే, తన పరిధి దాటిందనిపించినప్పుడు తానే వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తారు.

ఫోనుతో మొదలుపెట్టవచ్చు

అందరికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సిన నంబరు 14416. ఇది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్. 2022-23 బడ్జెట్‌లో ప్రకటించి, 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం రోజున ప్రారంభించారు. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. 1800-891-4416 నంబరు కూడా దీనిదే.

ఫోన్ చేస్తే ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది. తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకో, క్లినికల్ సైకాలజిస్టుకో కలుపుతారు, లేదా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్కడ చూపించుకోవచ్చో చెబుతారు. చాలామంది ఫోన్ చేతిలో పట్టుకుని, ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేస్తారు. "నాకు కొన్ని వారాలుగా ఏం బాగోలేదండీ, ఎలా చెప్పాలో తెలియట్లేదు" అన్నా చాలు, ఆ తర్వాత ప్రశ్నలు వాళ్లే అడుగుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. హాస్టల్లో పక్కన ఎవరైనా వింటారనుకుంటే మేడ మీదకో, కాలేజీ గ్రౌండ్‌కో వెళ్లి మాట్లాడండి. మధ్యలో ఏడుపొస్తే రానివ్వండి.

ఫోన్‌తో అన్నీ అయిపోవు. మళ్లీ చేసినప్పుడు వేరే కౌన్సెలర్ తగలవచ్చు, మొదటి నుంచి చెప్పుకోవాల్సి రావచ్చు. నెలల పాటు సాగే థెరపీకి ఇది ప్రత్యామ్నాయం కాదు. కానీ అర్ధరాత్రి రెండింటికి, జేబులో రూపాయి లేకుండా, ఎవరికీ తెలియకుండా ఒక మనిషి గొంతు వినగలిగే చోటు ఇదే. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

18 ఏళ్లలోపు పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఇంట్లోనో, స్కూల్లోనో ఎవరైనా కొడుతున్నా, లైంగికంగా వేధిస్తున్నా ముందు దీనికే ఫోన్ చేయాలి. అక్కడ పిల్లల మనసుకు ధైర్యం చెప్పడంతో పాటు వాళ్లను ఆ చోటు నుంచి కాపాడాల్సి ఉంటుంది, ఆ పనికి పెట్టిన నంబరు అది.

ఆసుపత్రి, కాలేజీ

తెలంగాణలో ఎవరినైనా ఏడిపించాలంటే "ఎర్రగడ్డకు పంపాలి" అనడం చాలా ఏళ్లుగా ఉంది. ఆ ఒక్క మాట ఎంతమందిని వైద్యానికి దూరం చేసిందో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. విశాఖపట్నంలోనూ అలాంటి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట్లకు వచ్చేవాళ్లలో ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆ పేరు వింటేనే భయమేస్తే అక్కడికే వెళ్లక్కర్లేదు. గాంధీ, ఉస్మానియా లాంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలోనూ ఉన్నాయి. జ్వరం వచ్చినవాళ్లు, కాలు విరిగినవాళ్లు వెళ్లే గేటులోంచే లోపలికి వెళతారు, ఎవరికి చూపించుకోవడానికి వచ్చారో ఎవరికీ పట్టదు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలోనూ సేవలున్నాయి. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం 2014లో మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ప్రత్యేక క్లినిక్‌లూ ఉన్నాయి కానీ అన్నిచోట్లా ఒకేలా నడవడం లేదు.

ప్రైవేటులో థెరపీకి నగరాల్లో ఒక్కో సెషన్‌కు వెయ్యి రూపాయలు దాటడం మామూలే. వారానికోసారి చొప్పున కొన్ని నెలలంటే మధ్యతరగతికి కూడా భారమే. ఫీజు తగ్గించే అవకాశం ఉందా అని మొహమాటపడకుండా అడగండి, విద్యార్థులకు తగ్గించేవాళ్లున్నారు. క్లినికల్ సైకాలజీ నేర్పే సంస్థల్లో, శిక్షణలో ఉన్నవాళ్లు సీనియర్ల పర్యవేక్షణలో తక్కువ ఖర్చుకు చూస్తారు.

కాలేజీల విషయంలో ఈమధ్య ఒక పెద్ద మార్పు వచ్చింది, అది మన దగ్గర జరిగిన విషాదం నుంచే వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని 2023 జులైలో చనిపోయింది. ఆ తండ్రి పోరాడుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం తీర్పిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం చేసేదాకా ఇవే అమలవుతాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా వీటి కిందికి వస్తాయి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో, వెబ్‌సైట్లో పెద్ద అక్షరాల్లో కనిపించాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానుకోవాలి.

మన కార్పొరేట్ కాలేజీల సెక్షన్ల పద్ధతి తెలిసినవాళ్లకు ఆ చివరి వాక్యం విలువ తెలుస్తుంది. వారాంతపు పరీక్షలో ర్యాంకు తగ్గితే సెక్షన్ మార్చేసే చోట, పిల్లల స్నేహాలు కూడా ఆ రోజే తెగిపోతాయి. ఇప్పుడు తల్లిదండ్రుల చేతిలో ఒక ఆధారం ఉంది. అడ్మిషన్ సమయంలో "మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఏ రోజుల్లో ఉంటారు, సెక్షన్లు ఎలా చేస్తారు" అని అడగండి. ఫీజు గురించి అడిగినంత గట్టిగా అడగండి. విద్యార్థులు ఇంకో సంగతి తెలుసుకోవాలి: క్లాసు చెప్పే లెక్చరర్‌నే కౌన్సెలర్‌గా చూపిస్తుంటే, మీరు చెప్పింది ప్రిన్సిపాల్ దాకా వెళుతుందా అని మాట్లాడే ముందే అడగవచ్చు. జవాబు నచ్చకపోతే బయటివాళ్లను చూసుకోవడమే మంచిది.

లోపల ఏం జరుగుతుంది, ఎవరికి తెలుస్తుంది

మొదటిసారి వెళ్లినప్పుడు ఎక్కువ సమయం ప్రశ్నలకే పోతుంది. నిద్ర, ఆకలి, చదువు, ఇల్లు, స్నేహితులు, మందు సిగరెట్ అలవాట్లు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా. ఈ చివరి ప్రశ్న అందరినీ అడుగుతారు, మీ మీద అనుమానంతో కాదు. వెళ్లే ముందు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుంటే అక్కడ మాట తడబడినా ఆ కాగితమే ఇవ్వవచ్చు. రద్దీగా ఉండే ప్రభుత్వ ఓపీలో డాక్టరుకు మీకోసం పది నిమిషాలే దొరకవచ్చు, అప్పుడు ఇది ఇంకా ఉపయోగం.

మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మీకు కానీ ఇంకొకరికి కానీ ప్రాణాపాయం ఉందనిపించినప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. 18 ఏళ్లు నిండినవాళ్లు ఒంటరిగా వెళ్లి వైద్యం తీసుకోవచ్చు. 18 లోపు వాళ్లకు చికిత్స మొదలుపెట్టాలంటే తల్లిదండ్రులో, సంరక్షకులో ఒప్పుకోవాలి. దానర్థం మీరు చెప్పిన ప్రతి మాటా వాళ్లకు చేరుతుందని కాదు. మంచి డాక్టరు కాసేపు మీతో ఒంటరిగా మాట్లాడతారు. అమ్మానాన్నలకు ఏది చెప్పాలి, ఏది వద్దు అన్నది మీతో మాట్లాడుకుంటారు. ఆయనే అడగకపోతే "డాక్టరు గారూ, ఒక్క ఐదు నిమిషాలు మీతో విడిగా మాట్లాడాలండీ" అని మీరే అడగండి.

ఉద్యోగం సంగతి. మీ అనుమతి లేకుండా మీ వైద్య వివరాలు కంపెనీకి ఇచ్చే హక్కు ఆసుపత్రికి లేదు. సైన్యం, విమానయానం లాంటి కొన్ని రంగాల్లో మాత్రం వైద్యపరీక్షల్లో ఈ చరిత్ర అడుగుతారు. ఆ గురి ఉన్నవాళ్లు వైద్యం మానేయకుండా, ఆ సంగతి డాక్టరుతో ముందే చర్చించాలి. శరీరానికి వచ్చే జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని ఇదే చట్టం ఆదేశించింది. ఇంట్లో హెల్త్ పాలసీ ఉంటే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు అడగండి. ఓపీ ఖర్చులు, థెరపీ ఫీజులు మాత్రం చాలా పాలసీల్లో రావు.

మాత్రల భయం

డిప్రెషన్, ఆందోళన సమస్యలకు ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లుయోక్సెటిన్ లాంటివి. ఇవి మత్తుమందులు కావు, వ్యసనంగా మారవు. ప్రభావం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే చాలామంది "పనిచేయడం లేదు, పైగా ఇబ్బంది" అని పదో రోజుకే మానేస్తారు. బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. 25 ఏళ్లలోపు వాళ్లలో ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి కలవరం, చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. అది అరుదే అయినా ఆ వారాల్లో ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆల్ప్రజోలం, క్లోనజెపామ్ లాంటివి వేరే కోవ. అవి త్వరగా హాయినిస్తాయి, ఎక్కువకాలం వాడితే అలవాటు పడతాయి. వాటిని మెడికల్ షాపులో తెలిసినవాళ్ల ద్వారా సొంతంగా కొనుక్కోకండి.

థెరపీ అంటే సలహాలివ్వడం కాదు. "ధైర్యంగా ఉండు" అని చెప్పించుకోవడానికి ఎవరూ అంత ఫీజు కట్టక్కర్లేదు. సీబీటీ అనే పద్ధతిలో, ఒక సంఘటన జరగ్గానే మన మనసులో పరుగెత్తే ఆలోచనలను పట్టుకుని, అవి ఎంతవరకు నిజమో పరీక్షించడం నేర్పుతారు. ఇంటి దగ్గర చేయాల్సిన సాధన కూడా ఇస్తారు. ఫలితం కొన్ని సెషన్ల తర్వాత తెలుస్తుంది. చెప్పులు కొనేటప్పుడు మొదటి జత సరిపోకపోతే ఇంకోటి వేసి చూస్తాం కదా, థెరపిస్టుల విషయం కూడా అంతే. మూడు నాలుగుసార్లు వెళ్లినా మనసు విప్పలేకపోతే, మీ కులం, మతం, ప్రేమ, లైంగికత గురించి తీర్పులు చెబుతుంటే, మార్చేయండి. ఒకరి దగ్గర కుదరలేదంటే మీకు నయం కాదని అర్థం కాదు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు

చనిపోవాలన్న ఆలోచన వచ్చి, దాన్ని ఆపుకోలేననిపిస్తే ఆ క్షణంలో ఒంటరిగా ఉండకండి. పక్క గదిలో ఎవరున్నా వాళ్ల దగ్గరికి వెళ్లండి, 14416కు ఫోన్ చేయండి, అప్పటికే ఏదైనా హాని జరిగి ఉంటే 108 లేదా 112. ఆ ఆలోచన ఎంత తీవ్రంగా వచ్చినా అలాగే ఉండిపోదు. గంటల్లో, కొన్నిసార్లు నిమిషాల్లో ఉధృతి తగ్గుతుంది. ఆ గంటలు దాటించడానికే పక్కన మనిషి కావాలి.

స్నేహితుడు అలా మాట్లాడుతుంటే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఆ ప్రశ్న వినగానే బరువు దిగినట్టుంటుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్" అంటే వేయకండి, ఇది రహస్యంగా ఉంచాల్సిన సంగతి కాదు. వాడు కోపగించుకున్నా సరే, నమ్మదగ్గ పెద్దవాళ్లకు చెప్పండి. ఇంట్లోవాళ్లు పురుగుమందులు, మాత్రలు లాంటివి అందకుండా తాళం వేసి ఉంచాలి.

పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనేలేదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసని (పోలీసులకు తెలియజేయాల్సిన కేసని) రాసుకోవచ్చు, పోలీసులు వచ్చి వివరాలు అడగవచ్చు. అంతమాత్రాన నేరం మోపినట్టు కాదు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలు అప్పు, ఉద్యోగ వేట, వీసా గడువు మోస్తూ, ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అంతా బాగుంది" అంటుంటారు. చాలా విశ్వవిద్యాలయాల్లో కౌన్సెలింగ్ సెంటర్ ఖర్చు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది, వెళ్లినందుకు వీసాకు ఏమీ కాదు. ఆరోగ్యం బాగోక పూర్తి కోర్సులు చదవలేకపోతే, డాక్టరు లేదా లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఇచ్చే పత్రంతో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు కోర్సులు తగ్గించుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా ఈ వీలుంది. అయితే కోర్సు వదిలేసే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి తీసుకోవాలి, తర్వాత తీసుకుంటే చెల్లదు. అమెరికా, కెనడాల్లో 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14 హెల్ప్‌లైన్లు.

ఇంట్లో చెప్పడం, ఇంట్లో వినడం

అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2005లో తేల్చిన ప్రకారం, జీవితంలో వచ్చే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లలోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపు మొదలవుతాయి. అంటే ఇవి బయటపడేది పిల్లలు మన చేతికింద ఉన్న వయసులోనే.

ఇంట్లో చెప్పడానికి "డిప్రెషన్" అన్న మాటతో మొదలుపెట్టక్కర్లేదు. "అమ్మా, నెల నుంచి నిద్ర పట్టట్లేదు, చదివింది ఎక్కట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఒకసారి డాక్టరుకి చూపించుకుందామా?" అంటే అమ్మకు తొందరగా అర్థమవుతుంది. నాన్నతో చెప్పడం కష్టమైతే అక్కకో, మేనమామకో, పిన్నికో ముందు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని చెప్పండి. మొదటిసారి కొట్టిపారేస్తే అది చివరి జవాబు అనుకోకండి. నాలుగు రోజులాగి మళ్లీ చెప్పండి, లేదా ఇంకొకరికి చెప్పండి.

తల్లిదండ్రులకు నా విన్నపం. పిల్లలు ఆ మాట చెప్పేసరికి, చెప్పాలా వద్దా అని ఎన్నో రాత్రులు ఆలోచించి ఉంటారు. "మా కాలంలో ఇవన్నీ లేవు", "నీకేం తక్కువ చేశాం", "ఫోన్ తగ్గిస్తే అన్నీ పోతాయి" అన్న మాటలు నోటిదాకా వచ్చినా ఆపుకోండి. "ఎప్పటి నుంచి నాన్నా?" అని అడగండి, మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినండి. నలుగురు ఏమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు. ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకుని తోడు వెళ్లండి. డాక్టరు కాసేపు బయట కూర్చోమంటే కూర్చోండి. ఇంటికొచ్చాక, లోపల ఏం చెప్పావని అడగకండి.